అవధాని గారి కారు పెళ్ళిళ్ళప్పుడే ఎందుకు అలిసిపోయేది

ముప్ఫై తొమ్మిదేళ్ళు రాజమండ్రిలో కార్ల వర్క్‌షాపుల్లో పనిచేశాను. డీజిలు పొగలో మొదలుపెట్టి, పొగే రాని కార్ల దగ్గర ముగించాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు "ఏం నేర్చుకోవాలి సార్?" అని అడుగుతుంటే చెప్పీ చెప్పీ గొంతు పోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఏ ఏడాది ఏ హోదా వచ్చింది, ఎన్ని శిక్షణలకి వెళ్ళొచ్చాను లాంటివి ఇందులో ఉండవు. వాటిని మా ఇంట్లోవాళ్ళే వినరు, మీకెందుకు.

ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఒక పురోహితుడు గారి ఎలక్ట్రిక్ కారు గురించి. మామూలు రోజుల్లో హాయిగా తిరిగేది. పెళ్ళి ముహూర్తం ఉన్న రోజున మాత్రం సగం దారిలో నీరసపడేది. దానివల్ల ముప్ఫై ఏళ్ళుగా ఆయన సంపాదించుకున్న పేరు పోయేంత పనైంది. ఆ కారు కొనమని భరోసా ఇచ్చింది నేనే. చివరికి దాని గుట్టు తెలిసిన క్షణం తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అంత తమాషా కేసు నా సర్వీసులో ఇంకోటి తగల్లేదు.

వీర్రాజు గారి వెనక సీటు

నేను చేరిన మొదటి షెడ్డులో ఫోర్‌మన్ వీర్రాజు గారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. స్పానరు ఇమ్మంటే మనం తెచ్చేలోపు తిట్టు ముందొచ్చేది. కానీ అంత గొప్ప మెకానిక్కుని మళ్ళీ చూడలేదు.

ఒకసారి ఒక టాక్సీ డ్రైవరు అంబాసిడరు తెచ్చాడు. మైలేజీ ఉన్నట్టుండి పడిపోయిందన్నాడు. మేం ముగ్గురం రెండు రోజులు ఇంజను విప్పి బిగించాం. అన్నీ బాగానే ఉన్నాయి, మైలేజీ మాత్రం రాలేదు. మూడో రోజు వీర్రాజు గారు చేతులు తుడుచుకుని ఆ కారు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నారు. నన్నూ ఎక్కమన్నారు.

"పదవయ్యా. రోజూ ఎలా వెళ్తావో అలాగే వెళ్ళు. మేం లేమనుకో" అన్నారు డ్రైవరుతో.

అతను రోజూ వెళ్ళేది తుని. అక్కడ సంతలో కూరగాయలు కొనుక్కునేవాళ్ళని ఎక్కించుకుని తిరిగొస్తాడు. వాళ్ళ బుట్టలు డిక్కీ నిండి ముందుకొచ్చాయి. ఒక వంకాయల బుట్ట సరిగ్గా డ్రైవరు ఎడమ కాలి పక్కన కూర్చుంది. కాలు పెట్టుకోవడానికి చోటు లేక అతను దాన్ని క్లచ్చి మీదే ఆనించి నడుపుతున్నాడు. తుని నుంచి రాజమండ్రి దాకా సగం నొక్కిన క్లచ్చితోనే వచ్చాం. ఇంజను శక్తంతా అక్కడే పోతోంది.

దిగాక వీర్రాజు గారు అన్న మాట నాకు బాగా గుర్తు. "బండి విప్పడం ఎవడికైనా వచ్చురా సత్తిబాబూ. అందులో ఎక్కిన మనిషి ఏం చేస్తున్నాడో చూడాలి. అది చూడనప్పుడు ఎన్ని బోల్టులు విప్పినా ఒకటే."

ఆ రోజు నాకు కలిగిన ఉత్సాహం ఇంతా అంతా కాదు. జన్మలో ఈ మాట మర్చిపోకూడదనుకున్నాను. తరవాత లాప్‌టాప్‌లొచ్చాయి. వైరు తగిలిస్తే బండి తన రోగం తానే చెప్పేస్తోంది. వెనక సీట్లో కూర్చునే పని తప్పింది. నేను మర్చిపోయాను.

నిజాయితీగా చెప్పిన తప్పు

మా షోరూముకి ఎలక్ట్రిక్ కార్లు వచ్చిన మొదటి రోజుల్లో తిరణాల్లా ఉండేది. కొనేవాళ్ళు పదిమందైతే చూడ్డానికి వచ్చేవాళ్ళు వందమంది. బానెట్ ఎత్తి "ఇంజను ఏదండీ?" అని వెతికేవారు. అందరూ అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. "ఒకసారి చార్జింగ్ పెడితే ఎంత దూరం వెళ్తుందండీ?"

మా మేనేజరు గారు కంపెనీ కాయితంలో ఉన్న అంకె చెప్పమనేవారు. రెండువందల యాభై. ఆయన చెడ్డవాడు కాదు, కానీ కారు అమ్మాక కారు ముఖం చూడని మనిషి. ఆ అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపి తీసింది. మన రావులపాలెం సెంటర్లో అరటిగెలల లారీల మధ్య తీసింది కాదు. అందుకని నేను సొంతంగా తిప్పి చూసుకుని, నూట తొంభై అని చెప్పేవాణ్ణి. నాకంటే నిజాయితీపరుడు లేడని లోపల కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ రోజుల్లోనే అవధాని గారు వచ్చారు. ఊరు కొత్తపేట. అరవై దాటిన మనిషి, పచ్చటి ఛాయ, నవ్వితే చెవులదాకా నవ్వు. కోనసీమలో పేరున్న పురోహితుడు. మాఘమాసం వస్తే రోజుకో ఊళ్ళో పెళ్ళి. ఇద్దరు సహాయకుల్ని ఎక్కించుకుని తన కారు తానే నడుపుకుంటూ వెళ్తారు. ముహూర్తానికి గంట ముందు పీటల దగ్గర ఉంటారని ఆయనకి పేరు. "అవధాని గారు వచ్చేశారు, ఇంక పెళ్ళి అయిపోయినట్టే" అనుకునేవారట ఆడపెళ్ళివారు.

ఇరవై ఏళ్ళ డీజిలు కారు అమ్మేసి ఎలక్ట్రిక్ కొందామని వచ్చారాయన.

"సత్తిబాబు గారూ, నాకు కాయితంలో అంకె వద్దండి. మీ నోటితో చెప్పండి. ఎంత వెళ్తుంది?"

"నూట తొంభై అండి. నాది పూచీ" అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. అయినా తప్పే. కొత్తగా వచ్చేవాళ్ళు ఇక్కడ కొంచెం ఆగి వినండి. బ్యాటరీలో ఎంత కరెంటు ఉందో బండి చెప్పగలదు. దానితో ఎంత దూరం వెళ్తామన్నది ఆ రోజును బట్టి ఉంటుంది. అరవైలో వెళ్ళే కారు వందలో వెళ్తే గాలిని చీల్చుకోడానికే ఎంతో ఎక్కువ తింటుంది. పైన క్యారియరు కట్టి సామాను పెడితే ఇంకా తింటుంది. టైర్లలో గాలి తగ్గితే రోడ్డుకి అతుక్కున్నట్టు నడుస్తుంది. నలుగురు ఎక్కితే ఒక లెక్క, ఒక్కరే వెళ్తే ఒక లెక్క. రోహిణీ కార్తెలో ఎండలో నిలబెట్టిన బండి ముందు తన బ్యాటరీని చల్లబరుచుకోడానికే కొంత ఖర్చు పెట్టుకుంటుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ, అవధాని గారి రోజు ఎలా ఉంటుందని ఒక్క ముక్క అడక్కుండా అంకె ఇచ్చేశాను.

కాకినాడ గాలి

మధ్యలో ఇంకో ముచ్చట. ఒక లెక్చరరు గారు కాకినాడలో ఉంటూ, మా దగ్గర కొన్న ఎలక్ట్రిక్ కారులో రాజమండ్రి కాలేజీకి వచ్చేవారు. "పొద్దున వచ్చేటప్పుడు చార్జింగ్ తక్కువ ఖర్చవుతోంది, సాయంత్రం వెళ్ళేటప్పుడు ఎక్కువ అవుతోందండి. రోడ్డు అదే, నేనూ అదే" అన్నారావిడ.

నాకు హుషారొచ్చింది. కాయితం తీసి సముద్రం గీశాను, గాలి బాణాలు గీశాను. సాయంత్రం సముద్రం మీంచి గాలి లోపలికి వీస్తుంది, మీరు దానికి ఎదురు వెళ్తున్నారు, అదండీ సంగతి అని పావుగంట పాఠం చెప్పాను. లెక్చరరుకే పాఠం!

ఆవిడ ఓపిగ్గా విని, "గాలి కొంత ఉండొచ్చండి. కానీ పొద్దున బస్సుల వెనకాల మెల్లిగా వస్తాను. సాయంత్రం ఇంటికి కదా, బాగా తోలేస్తాను. ఇప్పుడు మీరు చెప్తుంటే తట్టింది" అన్నారు.

వేగమే సగం పైగా కారణమని తరవాత తేలింది. నా బాణాలు చూసి షాపంతా నవ్వారు. నేనూ నవ్వాను. అయినా బుద్ధి రాలేదని ముందుముందు మీకే తెలుస్తుంది.

శుభ్రంగా వచ్చే బండి

అవధాని గారికి కారు ఇచ్చిన మొదటి ఆరు నెలలు అంతా బాగుంది. కనపడిన ప్రతివాడికీ కారు గురించి చెప్పి, నలుగురు కొనుక్కునేలా చేశారు. తరవాత మాఘమాసం వచ్చింది.

తునిలో ఒక పెళ్ళికి తెల్లవారగట్ల బయల్దేరారు. అన్నవరం దాటేసరికి బ్యాటరీ అడుగంటింది. చార్జరు వెతుక్కుని, ముందున్న కారు కదిలేదాకా ఆగి, మంటపానికి చేరేసరికి ఆ ఊరి పురోహితుడొకరు మంగళసూత్రధారణ చేయించేశారు. అవధాని గారు అక్షింతలు వేసి వచ్చేశారు. ముప్ఫై ఏళ్ళలో ఆయనకి ముహూర్తం తప్పడం అదే మొదటిసారి.

మర్నాడు బండి మా దగ్గరికి వచ్చింది. అద్దంలా మెరిసిపోతోంది. కడిగి, తుడిచి, డిక్కీ ఊడ్చి, పైన క్యారియరు విప్పి, టైర్లలో గాలి కొట్టించి మరీ తెచ్చారు. మన గోదావరి మర్యాద తెలుసుగా. డాక్టరు దగ్గరికి వెళ్తూ స్నానం చేసి కొత్త బట్టలు కట్టుకున్నట్టు, బండిని వర్క్‌షాపుకి ముస్తాబు చేసి తెస్తారు. మురికి బండి మన చేత ముట్టించడం వాళ్ళకి నామోషీ.

నేను ఒక్కణ్ణే ఎక్కి ధవళేశ్వరం కాలవగట్టు రోడ్డు మీద తిప్పాను. చల్లటి నీడ, మెత్తటి రోడ్డు, యాభై దాటని వేగం. నూట తొంభై కాదు, రెండువందలు చూపించింది! లాప్‌టాప్ పెట్టాను. బ్యాటరీ భేషుగ్గా ఉంది.

పది రోజుల తరవాత ఇంకో పెళ్ళి. ఈసారి దగ్గర్లో కాబట్టి చేరారు, కానీ ఊపిరి బిగపట్టుకుని చేరారు. మళ్ళీ కడిగి తెచ్చారు. మళ్ళీ నేను గట్టు మీద తిప్పాను. మళ్ళీ రెండువందలు.

అప్పుడు మా దగ్గర లావణ్య అని కొత్తగా చేరిన ఇంజనీరు ఉండేది. కాకినాడలో చదువుకున్న చురుకైన పిల్ల. బండి లోపల దాచుకున్న లెక్కలన్నీ లాప్‌టాప్‌లో తవ్వి నా దగ్గరికి వచ్చింది.

"సార్, పెళ్ళికి వెళ్ళిన రోజున మోటారు కాకుండా ఇంకేదో కూడా బాగా తింటోందండి."

"ఏసీ అయి ఉంటుందమ్మా. ముగ్గురు మనుషులు కదా."

"మాఘమాసంలో తెల్లవారగట్ల ఏసీ ఎందుకు సార్?"

నేను ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయాను. ఆ పిల్ల చూపించిన దారిలో నాలుగడుగులు వేసి ఉంటే ఆ రోజే తేలిపోయేది. నా ఉద్యోగంలో సిగ్గుపడే సంగతులు కొన్ని ఉన్నాయి, అందులో ఇదొకటి. పై స్థానంలో ఉన్నవాడికి తెలియనిది చిన్నవాళ్ళు అడిగితే ముందు కోపం వస్తుంది. మీరు పైకి వెళ్ళాక ఈ ముక్క గుర్తుంచుకోండి.

పైగా అవధాని గారితో, "బండిలో ఏ లోపమూ లేదండి. మీరు నడపడంలోనే ఏదో తేడా ఉంది" అనేశాను.

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. "అంతేనంటారా" అన్నారు. "వచ్చే గురువారం జంగారెడ్డిగూడెంలో పెళ్ళండి. ఆ ఇంట్లో తాత పెళ్ళి మా నాన్నగారు చేయించారు. తండ్రి పెళ్ళి నేను చేయించాను. ఇప్పుడు ఆ తండ్రి కూతురి పెళ్ళి. తుని సంగతి వాళ్ళ చెవిన పడింది. వేరే ఆయన్ని కూడా సిద్ధంగా ఉంచుకుంటామన్నారు, మర్యాదగానే. ఇది కూడా తప్పితే ఇంక దూరం పెళ్ళిళ్ళు ఒప్పుకోను. బండి కూడా ఇచ్చేస్తాను."

ఆ మాట నాకు గుండెల్లో గుచ్చుకుంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తింటుంటే, ఎందుకో వంకాయ కూర చూసి వీర్రాజు గారు గుర్తొచ్చారు. నేను ఆ బండిలో ఆయనతో ఒక్కసారైనా ఎక్కలేదు! ఎంగిలి చేత్తోనే ఫోను తీసుకున్నాను.

"అవధాని గారూ, గురువారం నేనూ వస్తానండి. ఒక్క షరతు. బండి కడగొద్దు. ఏమీ తీయొద్దు. రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్దాం. నేను వెనక సీట్లో కూర్చుంటాను."

"అయ్యో, మిమ్మల్ని ఆ బండిలో అలా ఎలా ఎక్కించుకుంటానండీ?" అన్నారాయన. అప్పుడు కూడా మర్యాదే!

జంగారెడ్డిగూడెం ప్రయాణం

ముహూర్తం పదిన్నరకి. మేం కొత్తపేటలో బయల్దేరింది అయిదున్నరకి. ముందు రోజు ఊళ్ళో కరెంటు పోయి పోయి రావడంతో బ్యాటరీ ఎనభై శాతం దాకానే నిండింది. వెళ్ళాల్సింది నూట పది కిలోమీటర్ల దాకా. నా లెక్క ప్రకారం అది చాలాలి. ఆయన అనుభవం ప్రకారం చాలదు.

పైన క్యారియరు మీద హోమం సామాను, పీటలు. ముందు సీట్లో ఒక సహాయకుడు, వెనక ఇంకో ఆయనా నేనూ. బయల్దేరబోతుంటే అవధాని గారి భార్య తడిబట్టలు తీసుకొచ్చారు. అప్పుడే స్నానం చేసి ఉతికి పిండిన పంచె, ఉత్తరీయం. వెనక సీటు ముందు అడ్డంగా ఒక వెదురు కర్ర కట్టి ఉంది. దాని మీద చేత్తో పరవకుండా ఇంకో చిన్న కర్రతో వాటిని ఆరేశారు.

"ఇవి మడిబట్టలండి, ఏమీ అనుకోకండి. తగలకుండా కూర్చోండి. దారిలో ఆరిపోతాయి" అన్నారావిడ నాతో.

అవధాని గారిది గట్టి పట్టింపు. పెళ్ళి చేయించే రోజు కట్టే బట్ట ఆ రోజు ఉదయం స్నానం చేసి ఉతికినదై ఉండాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. మాఘమాసపు మంచులో పెరట్లో ఎక్కడ ఆరుతాయి? నేను మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, తల వెనక్కి పెట్టుకుని కూర్చున్నాను. బండి ఎక్కినవాడు ఏం చేస్తాడో చూడ్డానికి వచ్చినవాణ్ణి, ఎదురుగా పంచె తప్ప ఏమీ కనపడటం లేదు.

రావులపాలెం దాటాం. హైవే ఎక్కగానే ఆయన వేగం తొంభైకి పెంచారు. సిద్ధాంతం వంతెన మీద గోదావరి పొగమంచులో ఎక్కడుందో తెలియలేదు. నేను మధ్యలోంచి తొంగి తొంగి మీటరు చూస్తున్నాను. అంకె మేం వెళ్ళే దూరం కన్నా వేగంగా పడిపోతోంది. నిడదవోలు దగ్గర చూస్తే ఇంకా వెళ్ళాల్సింది డెబ్భై పైన, బండి చూపిస్తున్నది అరవై లోపు. అవధాని గారి మెడ వెనక నరం బిగుసుకుని కనపడుతోంది.

అప్పుడు గమనించాను. నాకు చెమటలు కారుతున్నాయి.

బయట మంచు. కిటికీలు సగం దించి ఉన్నాయి. అయినా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కాళ్ళ దగ్గర పొయ్యిముందు కూర్చున్నంత వేడి. ఉత్తరీయం పక్కనుంచి జాగ్రత్తగా వంగి డాష్‌బోర్డు చూశాను. హీటరు మీట ఎర్రగీత చివరిదాకా తిప్పి ఉంది.

"అవధాని గారూ, చలేస్తోందాండీ?"

"లేదండి, ఉడికిపోతున్నాం. అందుకేగా కిటికీలు తీసింది."

"మరి హీటరు ఎందుకు వేశారండీ?"

"బట్టలు ఆరాలి కదండీ" అన్నారాయన, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. "పాత కారులో ఇరవై ఏళ్ళు ఇలాగే ఆరేశాను. దేవరపల్లి వచ్చేసరికి ఫెళఫెళలాడుతూ ఆరిపోయేవి. ఒక్క చుక్క డీజిలు ఎక్కువ తాగలేదు."

నేను కేక పెట్టాను. నిజంగానే కేక పెట్టాను. ముందు సీట్లో నిద్రపోతున్న సహాయకుడు ఉలిక్కిపడి లేచి "వచ్చేసిందాండీ?" అన్నాడు.

"దొరికిందండీ! మీ కారుదీ తప్పు కాదు, మీ డ్రైవింగుదీ కాదు. తప్పు నాది! డీజిలు ఇంజను ఎలాగూ వేడెక్కి ఉంటుంది. ఆ వేడి ఊరికే పోతుంది కాబట్టి హీటరులోకి మళ్ళించుకుంటారు, అందుకే ఖర్చు లేదు. ఇందులో అలాంటి వేడి లేదండి. హీటరు వేస్తే బ్యాటరీలో కరెంటుతో కాయిలు కాలాలి, ఇస్త్రీపెట్టెలాగా. పైగా ఆ వేడి పోవాలని కిటికీలు తీశారు. తొంభైలో వెళ్తుంటే ఆ కిటికీల్లోంచి గాలి లోపలికి దూరి బండిని వెనక్కి లాగుతోంది. పైన క్యారియరు సరేసరి."

అవధాని గారు బండి పక్కకి తీసి ఆపారు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని నన్ను అద్దంలోంచి చూశారు.

"అంటే ఇన్నాళ్ళూ నేను పంచె ఆరేసుకోడానికి నలభై ఇళ్ళకి సరిపడా ఇస్త్రీలు పెట్టి తిరుగుతున్నానన్నమాట."

"నలభై కాదులెండి, రెండు మూడు" అన్నాను. వెనకాయన నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

"మరి మీరు నన్ను ఎప్పుడూ అడగలేదేంటండీ?"

వర్క్‌షాపుకి తెచ్చేముందు ఆయన ఆ కర్రా బట్టలూ తీసేసేవారు, మా చేతులు తగులుతాయని. క్యారియరు విప్పేవారు, మాకు అడ్డమని. గాలి కొట్టించేవారు, మాకు పని తగ్గుతుందని. రోగాన్నంతా ఇంట్లో దాచిపెట్టి, ఆరోగ్యంగా ఉన్న బండిని నాకు చూపించేవారు, అదీ గౌరవం కొద్దీ. నేనేమో నీడలో ఒక్కణ్ణే తిప్పి ఆయనదే తప్పన్నాను. ఆ సంగతి అక్కడే చెప్పి క్షమించమన్నాను.

"సరే, ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి" అన్నారాయన.

హీటరు ఆపాం. కిటికీలు మూశాం. అరవై దాటొద్దన్నాను. నాలుగు టైర్లూ కాలితో తన్ని చూశాను, గాలి సరిపోయింది. ముందు బండి ఆగేలా కనపడితే బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్యమన్నాను, అలా తీస్తే మోటారే తిరగబడి కొంత కరెంటు వెనక్కి పోస్తుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశారు. ఒక్క సందేహం మాత్రం మిగిలింది.

"బట్టలు ఆరవు కదండీ."

"తడిబట్ట కడితే మడి కాదాండీ?" అని అడిగాను, భయంభయంగా. నాకు ఆ విషయాలు తెలియవు.

నా పక్కనున్న సహాయకుడు అన్నాడు, "అదేంటండీ, తడిమడి ఇంకా శ్రేష్ఠం."

"శ్రేష్ఠమే. చలేస్తుంది" అన్నారు అవధాని గారు. బండి కదిలింది.

ఆ తరవాత దాదాపు రెండు గంటల సేపు నేను చూసినంత శ్రద్ధగా ఎవరూ ఏ సినిమా చూసి ఉండరు. దేవరపల్లి దగ్గర చూస్తే వెళ్ళాల్సింది యాభై రెండు, బండి చూపిస్తున్నది యాభై. గోపాలపురం దగ్గర నలభై, నలభై మూడు. "ఎక్కింది! ఎక్కింది!" అని నలుగురం ఒకేసారి అరిచాం. అక్కడినుంచి నేల మెల్లిగా పైకి లేస్తుంది, పామాయిల్ తోటలు మొదలవుతాయి. ఆ ఎత్తుకి మళ్ళీ అంకె తగ్గింది. కొయ్యలగూడెం దాటాక మళ్ళీ నిలకడకి వచ్చింది. జంగారెడ్డిగూడెంలో మంటపం ముందు ఆగేసరికి బ్యాటరీలో ఇంకా ఇరవై కిలోమీటర్లు మిగిలాయి, టైము ఎనిమిదిన్నర. ముహూర్తానికి రెండు గంటలు!

పెళ్ళికూతురి తండ్రి గుమ్మంలోనే ఉన్నారు. ఆయన పక్కన ఇంకో పురోహితుడు గారు సంచీతో సిద్ధంగా నిలబడి ఉన్నారు. అవధాని గారిని చూడగానే ఆ తండ్రి ముఖం విప్పారింది. రెండో ఆయన నవ్వి, "ఇంక నేను భోజనానికి కూర్చుంటానండి" అన్నారు.

పీటల దగ్గర అవధాని గారు ఇంకా తడి ఆరని పంచెతో కూర్చున్నారు. పళ్ళు కటకటలాడుతుంటే మంత్రాలు ఇంకా స్పష్టంగా వచ్చాయి. పెళ్ళికూతురి నాయనమ్మ పక్కావిడతో అనడం నా చెవిన పడింది. "చూశావా, తడిమడితో వచ్చారు. ఈ కాలంలో ఇంత నిష్ఠ ఎవరికుందమ్మా!"

అవధాని గారు కూడా విన్నారు. మంత్రం ఆపకుండానే నా వైపు ఒక్క చూపు చూశారు. ఆ చూపు వర్ణించడం నా వల్ల కాదు. నేను మంటపం వెనక్కి వెళ్ళి కడుపుబ్బ నవ్వుకున్నాను. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి, ఆయన పేరు నిలబడినందుకు.

ఉన్నది ఉన్నట్టు

మర్నాడు షాపుకి వెళ్ళగానే లావణ్యని పిలిచి, అందరి ముందూ జరిగింది చెప్పాను. "నువ్వు అడిగిందే సరైన ప్రశ్నమ్మా. నేను లేచి వెళ్ళిపోవడం తప్పు" అన్నాను. ఆ పిల్ల "పర్లేదు సార్" అంది కానీ, మొహం మతాబులా వెలిగింది. బండి తీసుకునేటప్పుడు కస్టమర్ని అడగాల్సిన ప్రశ్నల కాయితం ఒకటి ఉంటుంది మాకు. దాని అడుగున ఆవిడే చేత్తో ఒక ప్రశ్న చేర్చింది. "మీ రోజు ఎలా మొదలవుతుంది, బండిలో ఎవరెవరు ఏమేం పెట్టుకుంటారు?" చూసినవాళ్ళు మొదట నవ్వారు. ఇప్పుడు అది అడక్కుండా ఎవరూ లాప్‌టాప్ తెరవరు.

అవధాని గారు బండి అమ్మలేదు. ఇంట్లో అటకకింద ఎవరూ వెళ్ళని చోట దండెం కట్టించి, కింద చిన్న ఫ్యాను పెట్టించారు. "ఇంటి కరెంటుతో ఆరేస్తే బండి వెళ్ళే దూరం తగ్గదు కదండీ" అని ఫోను చేసి మరీ చెప్పారు. తునివాళ్ళు కూడా మళ్ళీ పిలిచారట.

నా ఆఖరి రోజు షాపులో దండలు, కేకు, ఫొటోలు అయ్యాక, నాలుగింటికి గేటులోకి ఒక కారు వచ్చింది. ఎర్రమట్టి కిటికీల దాకా కొట్టుకుపోయి ఉంది. పైన క్యారియరు, దాని మీద పీటలు, రెండు అరటిగెలలు. ఇంత మురికి బండి మా గేటులోకి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. దిగింది అవధాని గారు.

"పెళ్ళినుంచి సరాసరి వస్తున్నానండి. కొంచెం తక్కువ వస్తున్నట్టుంది ఈమధ్య. ఈసారి ఒక్కటీ తియ్యలేదు, కడగలేదు. గాలి కూడా కొట్టించలేదు. ఉన్నది ఉన్నట్టు తెచ్చాను, చూసుకోండి."

మెడలో దండతోనే నిలబడిపోయాను. ముప్ఫై తొమ్మిదేళ్ళలో నాకు దక్కిన గౌరవాల్లో అంత పెద్దది లేదు. లావణ్య లాప్‌టాప్ పట్టుకుని పరుగున వచ్చి నా ముఖం చూసింది. తరవాత దాన్ని మూసేసి బల్లమీద పెట్టింది.

"అవధాని గారూ, మీరు నడపండి. ఇంటికి ఎలా వెళ్తారో అలాగే వెళ్దాం" అని, వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.